పుచ్చు తీయడం: డ్రిల్లుతోనా, డ్రిల్లు లేకుండానా? తరచుగా అడిగే ప్రశ్నలు

పన్ను పుచ్చిందని చెప్పగానే కుర్చీలో కూర్చున్న మనిషి చూపు ముందు డ్రిల్లు మీదికి పోతుంది. ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. ఇన్నేళ్ల ప్రాక్టీసులో అవే ప్రశ్నలు, కాస్త అటూ ఇటూగా. ఈమధ్య వాటికి కొత్తవి తోడయ్యాయి: బొప్పాయి జెల్ ఉందటగా, లేజర్ ఉందటగా, పుచ్చు తీయకుండానే మూసేస్తారటగా అని. అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పరికరంతో తీశారన్నది రెండో విషయం. ఎంత తీశారు, ఎక్కడ ఆపారు అన్నదే ఆ పన్ను ఎన్నాళ్లు ఉంటుందో తేలుస్తుంది.

## వెళ్లే ముందు

పన్ను మీద నల్ల గీత కనిపిస్తోంది, నొప్పేమీ లేదు. అది పుచ్చేనా?

కావచ్చు, కాకపోవచ్చు. రంగును బట్టి తేల్చలేం. దవడపళ్ల మీది సన్నటి గాడుల్లోకి టీ, కాఫీ, వక్క మరకలు దిగి నల్లగీతలా ఉండిపోతాయి. ఎప్పుడో మొదలై తనంతట తానే ఆగిపోయిన పుచ్చు కూడా నల్లగా, గట్టిగా, నున్నగా మెరుస్తుంది. చురుగ్గా పన్నును తింటున్న పుచ్చు మాత్రం చాలాసార్లు లేత గోధుమరంగులో, తడిగా, మెత్తగా ఉంటుంది. చూడ్డానికి భయపెట్టేదే ప్రమాదకరమైనది అనుకోవద్దు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఇంకో చిక్కుంది. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గోధుమ మచ్చలు పడతాయి. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ మచ్చలు చిన్నతనంలో పన్ను తయారవుతున్నప్పుడే ఎనామిల్‌లో, అంటే పంటి పైన ఉండే గట్టి పొరలో, పడ్డవి. పుచ్చు కాదు. వాటిని పుచ్చనుకుని తవ్వి సిమెంట్ నింపిన పళ్లు నా దగ్గరికి వచ్చాయి. చూస్తే బాధేస్తుంది.

పంటికి పురుగు పట్టింది అంటారు కదా, నిజంగా పురుగు ఉంటుందా?

ఉండదు. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చి చూపించేవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు. రాలేది పంటిలోంచి కాదు. పంటిని తినేది మన నోటిలోని బ్యాక్టీరియా. మనం తిన్న చక్కెరను అవి ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటిలోని ఖనిజాన్ని కరిగిస్తుంది.

పుచ్చు మొదలైంది కానీ గుంత పడలేదంటున్నారు. ఇప్పుడే సిమెంట్ పెట్టించేసుకుంటే పోదా?

వద్దు. గుంత పడనంతవరకు దాన్ని వెనక్కి తిప్పడానికి అవకాశం ఉంది. సుద్దలా తెల్లబడిన మచ్చ అంటే ఖనిజం పోవడం మొదలైందని అర్థం. లాలాజలం, ఫ్లోరైడ్ కలిసి ఆ ఖనిజాన్ని తిరిగి నింపగలవు. ఆ దశలో ఫ్లోరైడ్ వార్నిష్ రాయడం, దవడపళ్ల గాడులను సీలెంట్‌తో మూయడం సరిపోతాయి. రెండు పళ్ల మధ్య సందులో మొదలైన పుచ్చుకు పలచని రెసిన్‌ను, అంటే గట్టిపడే జిగురులాంటి ద్రవాన్ని, ఇంకించే పద్ధతి 2009 నుంచి మార్కెట్లో ఉంది. డ్రిల్లు ఒకసారి పెట్టామంటే ఆ పన్నుకు జీవితాంతం మరమ్మతులు మొదలైనట్టే. సిమెంట్ అరుగుతుంది, ఊడుతుంది, మార్చిన ప్రతిసారీ గుంత కొంచెం పెద్దదవుతుంది. అందుకే ఆ మొదటి తవ్వకాన్ని ఎంత వెనక్కి నెట్టగలిగితే అంత మేలు.

డ్రిల్లు పద్ధతికీ, కొత్త పద్ధతులకీ అసలు తేడా ఏమిటి?

పాత పద్ధతికి మూలం అమెరికా దంతవైద్యుడు జి.వి. బ్లాక్. 19వ శతాబ్దం చివర్లో ఆయన పెట్టిన సూత్రం ఇది: పుచ్చిన చోటే కాదు, రేపు పుచ్చే అవకాశమున్న పక్క గాడులను కూడా కలిపి తవ్వి నింపేయాలి. అప్పటికి అది తెలివైన ఆలోచనే. ఫ్లోరైడ్ పేస్టు లేదు. నింపడానికున్న అమాల్గమ్, అంటే మనవాళ్లు వెండి సిమెంట్ అనేది, పంటికి అతుక్కోదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా కుండలాంటి గుంత చేస్తేనే నిలుస్తుంది. అంటే సిమెంట్ నిలబడటం కోసం బాగున్న పన్నును కూడా కోయాల్సి వచ్చేది. 1957లో నిమిషానికి 3 లక్షల చుట్లు తిరిగే ఎయిర్‌రోటర్ అనే డ్రిల్లు వచ్చాక ఆ కోత చిటికెలో పనైంది.

ఈలోగా అతికే పదార్థాలు వచ్చాయి. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని 1955లో అమెరికా దంతవైద్యుడు బ్యునోకోర్ చూపించాడు. పంటికి రసాయనికంగా అతికే గ్లాస్ అయానమర్ సిమెంట్ 1970ల మొదట్లో వచ్చింది. అతికే సిమెంట్ చేతిలో ఉంటే కుండ చేయనక్కర్లేదు, కుళ్లిన మేరకు తీస్తే చాలు. మినిమల్లీ ఇన్వేసివ్ అని బోర్డుల మీద రాసేది ఇదే. పొదుపుగా కోయడమన్నమాట. దాన్ని డ్రిల్లుతోనూ చేయొచ్చు. డ్రిల్లు లేకుండా చేసిందల్లా పొదుపైన పని అనీ చెప్పలేం.

ఈ పొదుపు పద్ధతి నా పన్నుకు సరిపోతుందో లేదో నాకు ముందే తెలుస్తుందా?

సగం తెలుస్తుంది. చల్లటిదో తీపిదో తగిలినప్పుడు జివ్వుమని, అది తీసేయగానే తగ్గిపోతే పంటి నరం ఇంకా బాగానే ఉందని ఆశ పెట్టుకోవచ్చు. ఏమీ తగలకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలోంచి లేపడం, వేడి తగిలాక చాలాసేపు సలపడం, చిగురు మీద చీము పొక్కు, బుగ్గ వాపు, వీటిలో ఏది ఉన్నా నరం చెడిపోయిందనే అనుమానించాలి. అలాంటి పన్నుకు ఏ జెల్ రాసినా, ఏ సిమెంట్ పెట్టినా లాభం ఉండదు. చాలావరకు రూట్ కెనాల్, లేదంటే పన్ను తీయడం. వాపుతో జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోతున్నా, మింగడం కష్టమైనా మర్నాటికి వాయిదా వేయొద్దు. మిగతా సగం ఎక్స్‌రే, పరీక్ష చెబుతాయి.

## కుర్చీలో

డ్రిల్లు లేకుండా తీయడానికి ఏయే దారులున్నాయి?

పాతదీ చవకైనదీ చేతి పనిముట్టు. చిన్న గరిటెలా ఉంటుంది, ఎక్స్‌కవేటర్ అంటాం. దానితో మెత్తటి పుచ్చును గీకి, గ్లాస్ అయానమర్‌ను వేలితో నొక్కి నింపే పద్ధతి 1980ల నడిమిలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. కరెంటు లేని ఊళ్లలో పన్ను పీకడం తప్ప దారి లేనప్పుడు పుట్టిన ఉపాయం అది. అట్రామాటిక్ రెస్టొరేటివ్ ట్రీట్‌మెంట్, క్లుప్తంగా ఏఆర్‌టీ అంటారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రోత్సహించింది. కరెంటున్న ఊళ్లలో కూడా డ్రిల్లంటే వణికే పిల్లలకు ఇప్పుడు వాడుతున్నాం.

రెండోది పుచ్చును మెత్తబరిచే జెల్. మూడోది లేజర్. నాలుగోది సన్నటి అల్యూమినా పొడిని గాలి వేగంతో కొట్టడం. ఇది చిన్న గుంతలకు బాగుంటుంది, కానీ దుమ్ము లేస్తుంది, వేలికి తెలిసే స్పర్శ ఉండదు. మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది మొదటిదే.

బొప్పాయి జెల్ అంటున్నారు, అది నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ జనం అనుకునేలా కాదు. పచ్చి బొప్పాయి పాలలోని పపేన్ అనే ఎంజైమ్ దానికి ఆధారం. గట్టి మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తామే, అదే గుణం. పుచ్చిన డెంటిన్‌లో, అంటే ఎనామిల్ కింద ఉండే పొరలో, ప్రొటీన్ దారాలు అప్పటికే చితికి ఉంటాయి. పపేన్ వాటిని విడగొడుతుంది. బాగున్న కణజాలంలో పపేన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది కాబట్టి దాన్ని పెద్దగా తాకదు. ఇలాంటి జెల్‌ను 2003లో బ్రెజిల్‌లో తెచ్చారు. అంతకు ముందు, 1990ల చివర్లో, స్వీడన్ నుంచి హైపోక్లోరైట్, అమైనో ఆమ్లాలు కలిపిన జెల్ వచ్చింది. పపేన్ జెల్ మన దేశంలోనూ తయారైంది.

జెల్ రాసి అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మొద్దు పనిముట్టుతో గీకాలి. మళ్లీ రాయాలి. జెల్ మసకబారడం మానేసేదాకా ఇలాగే. అందుకే డ్రిల్లుకన్నా ఎక్కువసేపు పడుతుంది. లాభమల్లా నొప్పి, మోత తక్కువ కావడం, మత్తు సూది అవసరం తగ్గడం.

అయితే జెల్ ఎనామిల్‌ను ఏమీ చేయలేదు. పైకి సూదిమొనంత రంధ్రం కనిపిస్తూ లోపల పెద్ద గుంత ఉన్న పన్నుకు, లోపలికి దారి చేయడానికి డ్రిల్లు కాసేపైనా తిప్పాల్సిందే. 'డ్రిల్లు అస్సలు ఉండదు' అని ముందే మాటిచ్చేవాళ్లను నేను నమ్మను. ఇంట్లో బొప్పాయి పాలు పంటికి పూసుకునే ప్రయోగం మాత్రం చేయకండి, చిగురు, పెదవి పుండు పడతాయి.

లేజర్‌తో చేయించుకుంటే అన్నిటికన్నా మంచిదా?

దానికి డబ్బు ఎక్కువ, పేరు ఇంకా ఎక్కువ. పుచ్చు తీయడానికి వాడే ఎర్బియం లేజర్ కాంతి 2,940 నానోమీటర్లది. నీరు దాన్ని గట్టిగా పీల్చుకుంటుంది. పుచ్చిన భాగంలో నీరు ఎక్కువ కాబట్టి అది త్వరగా చిట్లి లేచిపోతుంది. కంపనం ఉండదు, సూది లేకుండా అయిపోయే సందర్భాలున్నాయి. కానీ వెండి సిమెంట్‌ను దానితో తీయరు, పని నిదానం, యంత్రం ఖరీదు బిల్లులో కనిపిస్తుంది. చిగుళ్ల కోసం కొన్న డయోడ్ లేజర్ వేరు, దానితో పుచ్చు తవ్వరు. బోర్డు మీద లేజర్ అని ఉంటే ఏ లేజరో అడగండి.

మత్తు సూది తప్పదా?

గుంత పైపైనే ఉంటే చాలాసార్లు అక్కర్లేదు, ఏ పద్ధతిలోనైనా. మెత్తటి పుచ్చులో నొప్పి ఉండదు, దాని కింద బతికున్న డెంటిన్‌ను తాకితేనే జివ్వుమంటుంది. పొదుపుగా తీసే డాక్టర్ అక్కడికి రాకముందే ఆగుతాడు కాబట్టి సూదుల సంఖ్య తగ్గుతుంది. లోతైన గుంతకు మాత్రం సూది వేయించుకోవడమే సుఖం. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటే మెడల్ ఇవ్వరు.

'కొంచెం పుచ్చు లోపలే వదిలేసి మూసేశాను' అన్నారు డాక్టర్. ఇది నిర్లక్ష్యం కాదా?

అన్నిటికన్నా ఎక్కువ గొడవ అయ్యేది ఈ మాట దగ్గరే. చెత్త ఇంట్లోనే ఉంచి తలుపేసినట్టు అనిపిస్తుంది. నేను చదువుకున్న రోజుల్లో కూడా పనిముట్టు గీస్తే కిర్రుమని చప్పుడు వచ్చేదాకా తవ్వమనేవారు. ఆ పద్ధతిలో లోతైన పుచ్చుల్లో చివరి గీతకు నరం బయటపడేది. పొద్దున నొప్పి లేకుండా నడిచొచ్చిన మనిషి సాయంత్రానికి రూట్ కెనాల్ పేషెంట్ అయ్యేవాడు.

ఇప్పుడు ఆలోచన మారింది. బ్యాక్టీరియాకు బతకడానికి పైనుంచి చక్కెర అందాలి. గుంత అంచులు చుట్టూ గట్టి పన్ను వచ్చేదాకా శుభ్రం చేసి, గాలి చొరబడకుండా మూసేస్తే లోపల మిగిలినవి ఆకలితో మాడిపోతాయి. కొన్ని చస్తాయి, మిగిలినవి నిద్రావస్థలోకి పోతాయి. పుచ్చు ముందుకు కదలదు. ఈలోపు నరం తన వైపు నుంచి కొత్త డెంటిన్ గోడ కట్టుకుంటుంది. అమెరికాలోని జార్జియాలో మెర్ట్స్-ఫెయిర్‌హర్స్ట్ బృందం గుంతలు పడిన పళ్లలో పుచ్చును అలాగే ఉంచి పైన మూసేసి, పదేళ్లు గమనించి 1998లో ఫలితం ప్రకటించింది. మూత సరిగ్గా ఉన్నచోట పుచ్చు ఆగిపోయింది. 2015లో బెల్జియంలోని లూవెన్‌లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఒక మాట మీదికి వచ్చారు. నరం దగ్గరిదాకా వెళ్లిన పుచ్చులో, నరం ఆరోగ్యంగా ఉంటే, అడుగున మెత్తటిది కొంత వదలడమే మేలు. లోతు తక్కువున్న గుంతలో మాత్రం తోలులా గట్టిపడేదాకా తీయాలి.

ఎక్కడ వదిలారన్నదే ఇక్కడ కీలకం. నరం పైన అడుగున వదిలితే వైద్యం. అంచుల్లో వదిలితే నిర్లక్ష్యమే, ఎందుకంటే అక్కడ సిమెంట్ అతకదు, సందు పడుతుంది, లోపలివాటికి మళ్లీ తిండి దొరుకుతుంది. మీ డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా 'ఎందుకు వదిలారు' కాదు, 'ఎక్కడ వదిలారు'.

ఎక్కడ ఆపాలో డాక్టర్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రధానంగా చేతికి తెలుస్తుంది. తడి బెల్లంలా గరిటెకు వచ్చేసేది ఒకటి, తోలులా పొరలుగా లేచేది ఇంకొకటి, గీస్తే కిర్రుమనేది మూడోది. రంగును నమ్మకూడదు, గట్టిగా ఉన్న ముదురు రంగు డెంటిన్‌ను ఉంచేయొచ్చు. పుచ్చుకు రంగు పట్టించే ద్రవాలు దొరుకుతాయి కానీ అవి బాగున్న డెంటిన్‌కు కూడా అంటుకుంటాయి, వాటిని నమ్మితే ఎక్కువ తవ్వుతాం.

## పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు

పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి. వదిలేస్తే పోలా?

ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి. వెనక దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు జరిగి, రాబోయే శాశ్వత పళ్లకు చోటు లేకుండా పోతుంది. నొప్పి వల్ల పిల్లాడు తినడు, నిద్రపోడు. పాలపన్నులో ఎనామిల్ పలచన, నరానికి దూరం తక్కువ. పుచ్చు నరాన్ని చేరడానికి పెద్దవాళ్లలో చాలాకాలం పట్టే దారి అక్కడ త్వరగా అయిపోతుంది.

పుచ్చు తీయకుండానే మా పాప పంటికి స్టీల్ క్యాప్ పెట్టేశారు. ఇదేం పద్ధతి?

దాని పేరు హాల్ టెక్నిక్. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు తన ప్రాక్టీసులో ఏళ్ల తరబడి అలా చేశారు. ఆమె రికార్డుల మీద 2006లో వ్యాసం వచ్చేదాకా చాలామంది నమ్మలేదు. సూది లేదు, డ్రిల్లు లేదు. పళ్ల సందులో చిన్న రబ్బరు రింగు పెట్టి కొద్ది రోజులు ఆగి, సరిపోయే క్యాప్‌లో గ్లాస్ అయానమర్ నింపి పంటి మీద నొక్కేస్తారు. లోపలి పుచ్చుకు తిండి బంద్. కొన్ని రోజులు నోరు మూస్తే ఎత్తు తగులుతుంది, వారాల్లో సర్దుకుంటుంది. చీము, వాపు, ఊరికే వచ్చే నొప్పి ఉన్న పన్నుకు మాత్రం ఇది చేయరు. అమ్మమ్మలకు ఆ వెండి రంగు నచ్చదు. పాపకు సాధారణంగా బాగా నచ్చుతుంది.

ఏదో మందు రాస్తే పుచ్చు నల్లబడి ఆగిపోతుందట, నిజమేనా?

నిజమే. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, మామూలుగా 38 శాతం. జపాన్‌లో 1960ల చివర్లో మొదలైంది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి ఎక్కింది. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ డెంటిన్‌ను గట్టిపరుస్తుంది. దూదితో అద్దడమే పని. మందు పట్టిన పుచ్చు శాశ్వతంగా బొగ్గులా నల్లబడుతుంది, ఇది రాయకముందే మీకు చెప్పి తీరాలి. సాధారణంగా ఆరు నెలలకోసారి మళ్లీ రాయాలి. కుర్చీలో కూర్చోని రెండేళ్ల పిల్లలకు, మంచం పట్టిన పెద్దవాళ్లకు ఇంతకన్నా దయగల మందు నాకు తెలీదు. వెండి పడనివాళ్లకు వాడకూడదు.

గర్భంతో ఉన్నాను, డెలివరీ అయ్యేదాకా ఆగాలా?

ఆగొద్దు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో కూర్చోవడానికి హాయిగా ఉంటుంది. నొప్పి, చీము ఉంటే ఏ నెలైనా చూపించుకోవాల్సిందే. మీరు గర్భిణి అని ముందే చెప్పండి.

మా నాన్నగారికి గుండె జబ్బుంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఆపి తీసుకురావాలా?

మామూలు ఫిల్లింగ్ కోసం ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో చిగురు కిందికి జారి బయటపడ్డ వేరు భాగం పుచ్చడం ఎక్కువ, మందుల వల్ల నోరు ఎండిపోతే ఇంకా త్వరగా.

## అయిపోయాక

సిమెంట్ పెట్టించాక జివ్వుమంటోంది. పాడైందా?

కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు చల్లటిదానికి జివ్వుమనడం మామూలే, రోజురోజుకూ తగ్గుతూ ఉండాలి. కొరికితే మాత్రమే నొప్పి అయితే సిమెంట్ ఎత్తుగా ఉందేమో, అయిదు నిమిషాల్లో సరిచేస్తారు. తగ్గకుండా పెరుగుతున్నా, రాత్రి నిద్ర లేపినా వెంటనే వెళ్లండి.

డ్రిల్లు లేకుండా చేసిన సిమెంట్ ఎన్నాళ్లుంటుంది?

గుంత ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఒక్క పక్కనే ఉన్న చిన్న గుంతలో చేతి పనిముట్టుతో తీసి గ్లాస్ అయానమర్ నింపినది చాలా ఏళ్లు బాగానే నిలుస్తుంది. రెండు మూడు పక్కలకు పాకిన గుంతలో అదే సిమెంట్ త్వరగా విరుగుతుంది, ఊడుతుంది. అక్కడ కంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్ సిమెంట్) కానీ, క్యాప్ కానీ ఆలోచించాలి. ఊడితే పద్ధతిని తిట్టకుండా వెంటనే వెళ్లండి. మూత పోయిందంటే లోపలివాటికి తిండి మొదలైనట్టే.

మళ్లీ పుచ్చకుండా ఏం చేయాలి?

ఎంత తీపి తిన్నారన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి పట్టింపు. తీపి తగిలిన ప్రతిసారీ నోటిలో ఆమ్లం పెరిగి, పీహెచ్ 5.5 కంటే కిందికి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో కావాలి. గంటకో టీ తాగే ఆఫీసు మనిషి పన్నుకు ఆ విరామమే దొరకదు. బెల్లం టీ అయినా అంతే. పెద్దలు సుమారు 1,000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా తోమి, నురుగు ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయండి. బొగ్గు, ఇటుక పొడి వద్దు.

ఊరు మారాం. కొత్త డాక్టర్ ఎక్స్‌రే చూసి 'సిమెంట్ కింద పుచ్చుంది, తీసేసి మళ్లీ చేయాలి' అంటున్నారు. ఏం చేయను?

చేయించేముందు ఒక్క క్షణం ఆగండి. కావాలనే అడుగున వదిలి మూసేసిన పుచ్చు ఎక్స్‌రేలో నల్లటి నీడలా కనిపిస్తుంది, ఆగిపోయాక కూడా ఆ నీడ ఉండొచ్చు. విషయం తెలియని కొత్త డాక్టర్ దాన్ని కొత్త పుచ్చు అనుకోవడంలో తప్పు లేదు. హైదరాబాద్‌లో చేయించుకుని బెంగళూరుకో డాలస్‌కో వెళ్లినవాళ్ల దగ్గర్నుంచి నాకు ఈ ఫోన్లు వస్తూనే ఉంటాయి. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. నీడ పెరగకపోతే, నొప్పి లేకపోతే, సిమెంట్ అంచులు బిగువుగా ఉంటే ముట్టుకోనక్కర్లేదు. పెరిగి ఉంటే కొత్త డాక్టర్ చెప్పిందే నిజం. అందుకని పని అయిన రోజే ఒక కాగితం అడిగి తీసుకోండి: ఏ పన్ను, ఏ తేదీ, అడుగున పుచ్చు వదిలారా లేదా, పైన ఏ సిమెంట్ పెట్టారు. ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.